సైకిలుకీ కొలతలుంటాయి! టైటానియం ఫ్రేము కొనే ముందు ఇల్లాలు తెలుసుకోవలసినవి

సైకిలు గురించి ఆడవాళ్ళ పేజీల్లో ఏమిటీ అని ముక్కున వేలేసుకోకండి. ఒక్కరోజు తెల్లవారుజామున రోడ్డు మీదికి వచ్చి చూడండి. తలకి హెల్మెట్టు, సైకిలు వెనక ఎర్ర దీపం పెట్టుకుని బారుగా వెళ్ళేవాళ్ళలో బ్యాంకు ఉద్యోగులు, డాక్టర్లు, కాలేజీ పిల్లలే కాదు, మనలాంటి గృహిణులు కూడా కనిపిస్తారు. మా విశాఖపట్నంలో అయితే బీచి రోడ్డు వెంట భీమిలి దాకా వెళ్ళి, టిఫిను వేళకి ఇల్లు చేరేవాళ్ళు బోలెడంత మంది.

ఈ సరదా ముదిరిందంటే ఇంట్లోకి ఒక కొత్త మాట వస్తుంది. అదే టైటానియం. ఆ మాట వెనకాలే దాని ధర కూడా వస్తుంది. ఒక్క ఫ్రేము, అంటే చక్రాలూ గేర్లూ ఏమీ లేని ఉత్త అస్థిపంజరం, దానికే సాధారణంగా లక్ష రూపాయలు దాటుతుంది. పేరున్న విదేశీ కంపెనీదైతే రెండు, మూడు లక్షలు కూడా అడుగుతారు. "ఆ డబ్బుకి బంగారం వస్తుంది కదండీ" అని మనం, "నీకు తెలీదులే" అని శ్రీవారు! ఇలా కాకుండా మనకీ నాలుగు విషయాలు తెలిసి ఉంటే ఆ మాటలు వాదన కాకుండా లెక్క అవుతాయి. అంతేకాదు, ఆ సైకిలు మనకోసమే కొనుక్కోవాలనుకున్నా ఈ వివరాలు పనికొస్తాయి.

దూరం అంటే ఎంత దూరం?

కూరగాయల మార్కెట్టుకి వెళ్ళొచ్చే సైకిలుకి ఇంత ఆలోచన అక్కర్లేదు. ఇక్కడ చెప్పేది పొద్దుటి నుంచి పొద్దుపోయే దాకా తొక్కే సైకిలు సంగతి. బ్రెవె అని పిలిచే దూరపు సవారీలు హైదరాబాదు వంటి నగరాల్లో జరుగుతున్నాయి. ఇవి పందేలు కావు. ఫస్టు, సెకండు ఉండవు. చెప్పిన గడువులోగా పూర్తి చేస్తే చాలు. 200 కి.మీ.కి పదమూడున్నర గంటలు, 300 కి.మీ.కి 20 గంటలు, 400 కి.మీ.కి 27 గంటలు, 600 కి.మీ.కి 40 గంటలు గడువు. 200 అంటే ఇంచుమించు మా విశాఖ నుంచి శ్రీకాకుళం వెళ్ళి తిరిగి రావడమన్నమాట.

వీటన్నిటికీ పెద్దన్నయ్య ఫ్రాన్సులో ఉంది. పారిస్ నుంచి బ్రెస్ట్ అనే ఊరికి వెళ్ళి తిరిగి రావాలి, 1200 కి.మీ. పైచిలుకు. 1891లో పందెంగా మొదలైంది. ఇప్పుడు నాలుగేళ్ళకోసారి సవారీగా జరుగుతోంది. 2023లో జరిగినప్పుడు మన దేశం నుంచి కూడా వెళ్ళారు. ఎక్కువమంది ఎంచుకునే గడువు 90 గంటలు. వంటల మీద ఆసక్తి ఉన్న పాఠకురాళ్ళకి ఇంకో ముచ్చట. ఆ పందెం పేరు మీద 1910లో ఒక మిఠాయివాలా సైకిలు చక్రంలా గుండ్రంగా, మధ్యలో క్రీము పెట్టి ఒక పేస్ట్రీ చేశాడు. పారిస్-బ్రెస్ట్ అని దాన్ని ఇప్పటికీ చేస్తూనే ఉన్నారు.

ఇంతసేపు ఒకే భంగిమలో కూర్చున్నప్పుడు చిన్న తేడా కూడా పెద్ద నొప్పి అవుతుంది. చెప్పులో చిన్న రాయి ఉంటే వీధి చివరి దాకా నడవగలం. తిరుపతి కొండ ఎక్కగలమా?

ముందు టేపు తీయండి

లోహం సంగతి తరవాత. ముందు చూడవలసింది తొక్కే మనిషి కొలత. జాకెట్టు కుట్టించుకునేటప్పుడు గుడ్డ ఎంత ఖరీదైనదైనా కొలత తప్పితే తొడుక్కోలేం కదా. ఇదీ అంతే.

మా తోటికోడలి సంగతి చెబుతాను. మా మరిది కొత్త సైకిలు కొనుక్కుని, పాతది ఆమెకిచ్చారు. పాతదంటే పాడైపోయింది కాదు, మంచి కంపెనీదే. ఆమె ఉత్సాహంగా ఏడాదిపాటు తొక్కింది. కానీ 50 కి.మీ. దాటితే చాలు, మెడ పట్టేయడం, వేళ్ళు తిమ్మిరెక్కడం, మర్నాడు మెట్లు దిగాలంటే మోకాళ్ళు సలపడం. ఇంట్లో అందరూ వయసు మీద పెట్టేశారు. ఒకరోజు నా దగ్గరికొచ్చి, "మీ మరిదిగారూ, అత్తయ్యగారూ ఇక మానేయమంటున్నారక్కా. నాకేమో మానబుద్ధి కావట్లేదు" అంది. కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి పాపం.

ఇద్దరినీ గోడకి నిలబెట్టి కొలిచాం. ఈ కొలత మీరూ ఇంట్లోనే తీయొచ్చు. చెప్పులు లేకుండా గోడకి వీపు ఆనించి, పాదాలు జానెడు ఎడంగా పెట్టి నిలబడాలి. కాళ్ళ మధ్య ఒక గట్టి అట్ట పుస్తకాన్ని ఉంచి, సీటు మీద కూర్చున్నంత గట్టిగా పైకి నొక్కి పట్టుకోవాలి. పుస్తకం పై అంచు నుంచి నేల దాకా ఎంతుందో మరొకరు కొలవాలి. దాన్ని 0.883తో హెచ్చిస్తే, పెడళ్ళ మధ్య ఇరుసు నుంచి సీటు పైభాగం దాకా ఉండవలసిన ఎత్తు సుమారుగా వస్తుంది. ఆమెది 71 సెం.మీ., అంటే సీటు ఎత్తు 62.7. ఆయనది 81 సెం.మీ., అంటే 71.5. చూశారా! దాదాపు తొమ్మిది సెంటీమీటర్ల తేడా.

సీటు కిందికి దింపుకోవచ్చు కదా అంటారేమో. దింపుకోవచ్చు, ఆమె అదే చేసింది. కానీ ఫ్రేము పొడవు దింపలేం కదా! సీటు నుంచి హ్యాండిలు దాకా చెయ్యి చాచి చాచి, బరువంతా అరచేతుల మీదా మెడ మీదా పడింది. పెడలు చేతులు, అంటే క్రాంకులు, ఆయన కాలి పొడుగుకి తగ్గవి. వాటితో ఆమె మోకాలు ప్రతి చుట్టుకీ అవసరానికి మించి మడిచింది. నొప్పి వయసుది కాదు, వేరే వాళ్ళ కొలతది.

మా మరిది మంచివాడు. అర్థమయ్యాక, టైటానియం కోసం దాచుకున్న డబ్బులోంచి కొంత తీసి, ముందు ఆమె కొలతకి సరిపోయే స్టీలు సైకిలు కొన్నారు. టైటానియం ఖర్చులో చిన్న వంతే అయింది. ఆ సైకిలు మీద ఆమె 200 కి.మీ. గడువులోగా పూర్తి చేసి వచ్చి, మర్నాడు పొద్దున్నే మామూలుగా దోసెలు పోసింది.

అసలు ఏమిటీ టైటానియం?

ఇది మనకి కొత్తదేం కాదు. గోడలకి వేసే తెల్ల రంగులో తెలుపునిచ్చేది టైటానియం డయాక్సైడే. తుంటి ఎముక మార్చినప్పుడు, పన్ను కట్టినప్పుడు ఒంట్లో పెట్టే లోహం చాలాసార్లు ఇదే. ఒంటికి పడుతుంది, తుప్పు పట్టదు. భీమిలి వైపు సముద్రపు ఒడ్డున ఇసుకలో నల్లటి చారలు చూసే ఉంటారు. ఆ నల్ల ఇసుకలో ఉండే ఇల్మనైట్ అనే ఖనిజం నుంచే టైటానియం తీస్తారు. శ్రీకాకుళం తీరంలోనూ, కేరళలోని చవర దగ్గరా కూడా ఈ ఖనిజం ఉంది. చవరలో 2011లో టైటానియం స్పాంజి తయారుచేసే కర్మాగారం పెట్టారు. దానికి పద్ధతి రూపొందించింది హైదరాబాదులోని రక్షణ లోహ పరిశోధనశాల. ఆ ఊళ్ళోనే 1973లో ఏర్పడిన మిధాని సంస్థ రాకెట్లకీ, విమానాలకీ కావలసిన టైటానియం మిశ్రమాలు చేస్తుంది.

ఇంతగా దొరికేదానికి అంత ధర ఎందుకంటే, ఖనిజం నుంచి లోహం తీయడం కష్టం. 1940లో వచ్చిన క్రోల్ పద్ధతిలో గాలి చొరబడని పాత్రలో మెగ్నీషియంతో కలిపి, ఎంతో వేడి మీద, రోజుల తరబడి చేయాలి. తరవాత గొట్టంగా సాగదీయడం, కోయడం, అతకడం కూడా స్టీలుతో పోలిస్తే కష్టమే. వేడిగా ఉన్నప్పుడు గాలి తగిలితే టైటానియం పెళుసెక్కిపోతుంది. అందుకే అతుకు లోపలా బయటా ఆర్గాన్ వాయువు నింపి వెల్డింగు చేస్తారు. మనం కట్టే డబ్బులో ఎక్కువ భాగం ఈ పనితనానికే.

నాలుగు రకాలు, నాలుగు గుణాలు

స్టీలు: బలమైనది, సాగే గుణం ఉన్నది, చవక. విరిగితే బాగుచేసేవాళ్ళు దొరుకుతారు. బరువు ఎక్కువ. మా విశాఖ లాంటి సముద్రపు గాలి ఊళ్ళో కిటికీ ఊచల సంగతి తెలిసిందేగా, రంగు లేచిన చోట తుప్పు మొదలవుతుంది.

అల్యూమినియం: తేలిక, ధర అందుబాటులో ఉంటుంది. కానీ ఏళ్ళ తరబడి కుదుపులకి లోపల్లోపల అలిసిపోయే గుణం ఉంది. అందుకని తయారీదారులు గొట్టాలు లావుగా, బిగువుగా చేస్తారు.

కార్బను: అన్నిటికంటే తేలిక. మంచి ఫ్రేము ఒక కిలోకి అటూ ఇటూ ఉంటుంది. కానీ గట్టి దెబ్బ తగిలితే లోపల పగులు పైకి కనపడకపోవచ్చు. రైల్లో, బస్సు మీద వేసి తీసుకెళ్ళేటప్పుడు భద్రం. బోల్టులు కూడా చెప్పిన బిగువు మించి బిగించకూడదు.

టైటానియం: సాంద్రతలో స్టీలులో ఇంచుమించు అరవై శాతమే. ఫ్రేము మామూలుగా కిలోన్నర ప్రాంతంలో ఉంటుంది. తుప్పు పట్టదు, రంగు అక్కర్లేదు. హద్దులో ఉన్న బరువునీ కుదుపునీ ఏళ్ళ తరబడి ఓర్చుకుంటుంది.

మరి "టైటానియం అయితే మెత్తగా, హాయిగా ఉంటుంది" అంటారు, నిజమేనా? సగం నిజం. ఒకే సైజు గొట్టమైతే టైటానియం స్టీలు కంటే సుమారు రెట్టింపు వంగుతుంది. అందుకని తయారీదారులు గొట్టాలు లావు చేస్తారు. ఎంత లావు చేశారన్న దాన్ని బట్టి మెత్తగానూ ఉండొచ్చు, గట్టిగానూ ఉండొచ్చు. హాయి ఎక్కువగా టైర్ల వల్ల వస్తుంది. 25 మిల్లీమీటర్ల టైరు తీసి 32 వేసి, గాలి కాస్త తగ్గిస్తే వచ్చే సుఖం ఏ లోహమూ ఇవ్వలేదు. ఆ తేడాకి ఖర్చు రెండు టైర్లదే!

అయితే టైటానియం ఎవరికి?

ఒకటి, సముద్రపు ఊళ్ళలో ఉండేవాళ్ళకీ, వానలో తొక్కేవాళ్ళకీ. రెండు, ఒకే సైకిలుని పదిహేను, ఇరవై ఏళ్ళు ఉంచుకునేవాళ్ళకి. రెండేళ్ళకోసారి కొత్తది మార్చే మనిషికి దండగ. మూడోది ముఖ్యంగా మనకి సంబంధించింది.

కార్బను ఫ్రేముని సాధారణంగా అచ్చులో తయారుచేస్తారు. అచ్చులు ఖరీదు కాబట్టి ఉన్న ఐదారు సైజుల్లోనే మనం సర్దుకోవాలి. టైటానియం, స్టీలు అలా కాదు, గొట్టాలు కోసి అతికేవి. అందుకని మన కొలతకి చేయించుకోవచ్చు. రెడీమేడ్ జాకెట్టుకీ దర్జీ కుట్టిన జాకెట్టుకీ ఉన్న తేడా అన్నమాట. ఐదడుగులు, ఐదడుగుల రెండంగుళాలు ఉండే మన ఆడవాళ్ళకి షాపులో ఉన్న అతి చిన్న సైజు కూడా చాలాసార్లు పొడుగే. పైగా చిన్న ఫ్రేముకి పెద్ద చక్రాలు వేస్తే, నెమ్మదిగా మలుపు తిప్పేటప్పుడు కాలి బొటనవేలు ముందు చక్రానికి తగులుతుంది. కొలతకి చేయించేటప్పుడు 650బి అనే కాస్త చిన్న చక్రాలకి తగ్గట్టు చేయమనొచ్చు. అంత డబ్బు పెట్టి టైటానియం కొనడానికి నాకు కనిపించే గట్టి కారణం ఇదే. కొలత చూడకుండా కొన్న టైటానియం కంటే, మీకు సరిపోయిన అల్యూమినియం నయం.

షాపులో అడగవలసినవి

కాగితం మీద రాసుకుని వెళ్ళండి, మొహమాటపడొద్దు.

1. ఫ్రేము స్టాక్ ఎంత, రీచ్ ఎంత? పెడళ్ళ ఇరుసు నుంచి హ్యాండిలు గొట్టం పైకొసకి నిలువు కొలత స్టాక్, అడ్డ కొలత రీచ్. దూరాలకి స్టాక్ కాస్త ఎక్కువ, రీచ్ కాస్త తక్కువ ఉంటే నడుముకీ మెడకీ హాయి. "మీడియం, స్మాల్" అన్న మాటలు నమ్మొద్దు, ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటాయి.

2. మడ్‌గార్డు పెట్టాక 32 మి.మీ. టైరు పడుతుందా?

3. గొట్టాలు ఏ గ్రేడు? సైకిళ్ళకి ఎక్కువగా వాడేది గ్రేడ్ 9. అందులో 3 శాతం అల్యూమినియం, రెండున్నర శాతం వెనేడియం కలుస్తాయి.

4. అతుకులు చూడండి. చేప పొలుసుల్లా సమానంగా, వెండి రంగులో ఉంటే మంచిది. లేత గడ్డి రంగు ఫరవాలేదు. అతుకు దగ్గర బాగా నీలం, బూడిద, సుద్ద తెలుపు కనిపిస్తే గాలి తగిలిందన్నమాట, వద్దనండి. అలంకారానికి కావాలని వేసిన రంగులు వేరు, అవి అతుకు దగ్గరే కాకుండా గొట్టమంతా ఉంటాయి.

5. పెడళ్ళ ఇరుసు దగ్గర మరలతో బిగించేదా, నొక్కి కూర్చోబెట్టేదా? మరలదైతే కిర్రుకిర్రు శబ్దాల బాధ తక్కువ, మార్చడం తేలిక.

6. నీళ్ళ సీసాలకీ, మడ్‌గార్డులకీ, వెనక సంచి స్టాండుకీ రంధ్రాలు ఉన్నాయా? తరవాత పెట్టించుకోవడం కుదరదు.

7. ముందు ఫోర్కు ధరలో కలిసిందా? టైటానియం ఫ్రేముకి సాధారణంగా కార్బను ఫోర్కు వేస్తారు. దాన్ని విడిగా అమ్మేవాళ్ళూ ఉన్నారు.

8. గ్యారంటీ ఎవరికి? "లైఫ్‌టైమ్" అని రాసినా అది చాలాచోట్ల మొదట కొన్నవాళ్ళకే. పగులొస్తే పంపే ఖర్చు ఎవరిదో కూడా రాయించుకోండి.

సెకండ్ హ్యాండు కొంటుంటే ఒక అయస్కాంతం పట్టుకెళ్ళండి. స్టీలుకి అంటుకుంటుంది, టైటానియంకి అంటుకోదు. అయితే అల్యూమినియంకి కూడా అంటుకోదు సుమండీ! ఫ్రేముని తడిగుడ్డతో తుడిచి, టార్చి వేసి ప్రతి అతుకు చుట్టూ వెంట్రుకలాంటి గీతలేమైనా ఉన్నాయేమో చూడండి. సీటు గొట్టం కదులుతోందో లేదో తప్పకుండా చూడండి. లోపల పట్టేసి ఉంటే పెద్ద తలనొప్పి.

డబ్బు లెక్క

ఫ్రేము ధర చూసి బడ్జెటు వేయొద్దు. చక్రాలు, గేర్లు, బ్రేకులు, హ్యాండిలు, సీటు అన్నీ కలిస్తే ఫ్రేముకైనంత మళ్ళీ అవుతుంది. బయటి దేశం నుంచి తెప్పిస్తే కస్టమ్సు సుంకం, పన్ను, రవాణా అదనం. ఈ మొత్తం ఒక కాగితం మీద వేశాకే అవునో కాదో చెప్పండి.

ఉన్న డబ్బుని ఈ వరసలో ఖర్చు పెడితే నష్టపోరు. మొదట కొలతలు చూసి సరిచేసే ఫిట్టరు దగ్గర ఒక పూట. తరవాత మన కూర్చునే ఎముకల వెడల్పుకి తగ్గ సీటు, మన భుజాల వెడల్పుకి తగ్గ హ్యాండిలు, చిన్న చేతికి అందే బ్రేకులు. ఆ తరవాత మంచి టైర్లు, దీపాలు. చివరికి ఫ్రేము లోహం. చాలామంది ఈ వరసని తలకిందులుగా చేస్తారు.

ఇంటికి వచ్చాక

టైటానియం పెద్దగా సేవ అడగదు. సబ్బునీళ్ళతో కడిగి, పొడిగుడ్డతో తుడిస్తే చాలు. రంగు వేయని, గీతల ఫినిషింగు ఉన్న ఫ్రేము మీద గీతలు పడితే, గిన్నెలు తోమే పచ్చ స్క్రబ్బరుతో ఆ గీతల వాలులోనే మెల్లగా రుద్దండి, పోతాయి. అద్దంలా మెరిసే దాని మీదా, రంగూ పేర్లూ ఉన్నచోటా మాత్రం రుద్దకండి.

ఒక్క జాగ్రత్త. టైటానియంలో వేరే లోహం ఏళ్ళ తరబడి కదలకుండా ఉంటే, చెమటా ఉప్పుగాలీ కలిసి రెండూ పట్టేసుకుంటాయి. సీటు గొట్టానికీ, మరలకీ యాంటీ-సీజ్ అనే గ్రీజు రాయించి, ఏడాదికి రెండుసార్లయినా ఊడదీసి తుడిపించండి. గొట్టం కార్బనుదైతే గ్రీజు కాదు, దానికి కార్బను పేస్టు వేరే ఉంటుంది. ఇంకో మాట, ఫ్రేముకి తుప్పు పట్టదు గానీ చైనుకి పడుతుంది. ఫ్రేము ఎప్పుడైనా పగిలితే వీధి చివరి వెల్డింగు షాపుకి మాత్రం తీసుకెళ్ళకండి. ఆర్గాన్ లేకుండా అతికితే ఆ అతుకే మళ్ళీ విరుగుతుంది, అదీ రోడ్డు మీద.

ఈసారి మీ ఇంట్లో ఎవరైనా టైటానియం మాటెత్తితే కాదనకండి, వెంటనే సరేననకండి. కుట్టుమిషను సొరుగులోంచి టేపు తీయండి. ఆయన్ని గోడకి నిలబెట్టి కొలవండి. ఆ తరవాత టేపు ఆయన చేతికిచ్చి మీరు నిలబడండి. ఇంట్లో సైకిలు తొక్కాలని ఉన్నవాళ్ళు ఎందరో, అన్ని కొలతలూ ఆ కాగితం మీద పడాలి.